ఆదివారం వచ్చిన అమావాస్య

ఉచ్చీరప్పకు ఏళ్ళ తరబడి ఒక అనుమానం ఉంది. తను చెప్పింది అబద్ధమని యేసేపుకు తెలుసా, తెలియదా? మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు, పోగు లాగే నాడె అటు పోతుంటే తెలిసే ఉంటుంది అనిపించేది, ఇటు తిరిగి వస్తుంటే తెలియదులే అనిపించేది. అట్లా ఎన్ని చీరలు నేశాడో. పోనీ ఎదురుగానే అడిగేద్దామంటే, తెలియని మనిషికి ఆ అడగడంతోనే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ భయమూ లేదు. అడగడానికి యేసేపే లేడు. ఆదోనిలో చర్చి వెనక సందులో, యేసేపు ఇంటి ముందు బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నాడు ఉచ్చీరప్ప. లోపల యేసేపు పెండ్లాం దానమ్మ జొన్నలు విసురుతోంది. ఆమెను చూడడం ఇదే మొదలు. ఆమె మాత్రం నుదుట విభూతి చూడగానే, "ఎమ్మిగనూరు అన్నవు కదా నువ్వు" అంది. బస్సులో కూడగట్టుకుని వచ్చిన మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. "ఇంట్లో పిండి లేదు. విసిరి రొట్టె కాల్చి పెడతా, పోవద్దు" అని ఆమె లోపలికి పోయింది. విసురురాయి గరగరమని తిరుగుతోంది, ఆగుతోంది, గుప్పెడు జొన్నలు పోసినట్టుంది, మళ్ళీ తిరుగుతోంది.

ఈ రోజు గురువారం. అమావాస్యా కాదు, ఆదివారమూ కాదు. ఇట్లాంటి ఉత్త రోజున మగ్గం దిగింది తండ్రి పోయినప్పుడు ఒక్కసారే. పొద్దున చీర సగంలో ఆపి, నాడె పక్కన పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుంటుంటే నీలమ్మ వాకిలికి అడ్డం వచ్చింది. "పండగా పబ్బమా, యాడికి బయలుదేరినావు? ఇంత అంబలన్నా తాగి పో." వద్దులే, ఒక్కపొద్దు అన్నాడు తను. అమావాస్యకు కూడా రెండు పూటలూ కడుపునిండా తినే మొగుడు గురువారం నాడు ఒక్కపొద్దు అనేసరికి ఆమె ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని. దారి పొడుగునా నల్లరేగడి చేలల్లో పత్తి పగిలి ఉంది. బస్సు కిటికీలోంచి ఆ తెలుపు చూసినప్పుడల్లా యేసేపు కనుబొమలే గుర్తుకు వచ్చాయి. ఎంత తుడుచుకున్నా ఆ కనుబొమల్లో నాలుగు పోగుల దూది ఉండిపోయేది. చెవి వెంట్రుకల్లో కూడా. మిల్లులో గింజ తీసే మిషను దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడిన మనిషి. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చర్చికి పోయి ప్రార్థన చేసుకుని వచ్చినా దేవుడు ఆ దూది మాత్రం తీయలేదు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ళకు సెలవంటే అమావాస్యే. ఆ పొద్దు నాడె కదలదు. మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నీలకంఠేశ్వరుడి గుడికి పోయి వస్తే పూజ అయిపోతుంది, రోజు మాత్రం మిగిలిపోతుంది. నెలంతా ఆడిన కాళ్ళూ చేతులూ ఆ ఒక్కనాడు ఏం చేయాలో తెలియక వెర్రిగా పడి ఉంటాయి. ఒకరు నిద్రపోతారు, ఒకరు అరుగు మీద పులిజూదం ఆడతారు, ఇంకొకరు కల్లు దుకాణం వైపు పోయి చీకటి పడ్డాక వస్తారు. ఉచ్చీరప్పకు ఈ మూడూ రావు. చిన్ననాటి స్నేహితులు ఉన్నారు గానీ, వాళ్ళు ఇప్పుడు బావలూ వియ్యంకులూ అయిపోయి, కలిస్తే నూలు ధర, కూతుళ్ళ పురుళ్ళు తప్ప మాటలు లేవు. నలభై రెండో ఏట ఒక అమావాస్యనాడు, ఏమీ తోచక, ఆదోని బస్సెక్కి రణమండల ఆంజనేయస్వామి కొండకు వచ్చాడు. ఆ రోజు ఆదివారం కూడా అన్న సంగతి అప్పుడు గమనించనే లేదు. సగం మెట్లు ఎక్కాక ఒక పక్కగా చదునుబండ. బండ మీద ఒక మనిషి, కింద పోతున్న గూడ్సు బండిని చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. బండి వెళ్ళిపోయాక "నలభై ఒకటి" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. మెట్లెక్కుతున్న ఉచ్చీరప్ప నోరు ఊరుకోలేదు.

"నలభై రెండప్పా."

"నేను ఇంజను కలపలా సామీ."

"నేనూ కలపలేదు."

"అయితే గార్డు పెట్టె కలిపింటావు. అది పెట్టెల కింద లెక్క రాదు."

"యాల రాదు? దానికి గాన్లు లేవా, పట్టాల మీద దొర్లదా?"

ఆ వాదన ఏడేళ్ళు తెగలేదు. గార్డు పెట్టె పెట్టే అవునా కాదా. తలుచుకుంటే ఇప్పుడూ ఉచ్చీరప్పకు నవ్వు వచ్చింది. సంపాదించిన స్నేహమంటే ఇదొక్కటే తనకు. బంధువులను పుట్టుక ఇచ్చింది, ఇరుగుపొరుగును వీధి ఇచ్చింది, పెండ్లాన్ని పెద్దలు ఇచ్చారు. యేసేపును ఎవరూ ఇవ్వలేదు. గూడ్సు బండి ఇచ్చింది అనుకోవచ్చు, దేవుడే ఇచ్చాడు అనుకోవచ్చు. అయితే ఏ దేవుడు అన్నది తను తేల్చుకోలేకపోయాడు. ఆయన ఆదివారం దేవుడి మనిషి, తను అమావాస్య దేవుడి మనిషి. మిల్లుకు ఆదివారం సెలవు, మగ్గానికి అమావాస్య సెలవు. రెండూ ఒక్కనాడు పడేది ఏడాదికి ఒకసారి, మంచి ఏడాదైతే రెండుసార్లు. ఆ రోజులు తను పంచాంగంలో పూజారి చేత చూపించుకునేవాడు. యేసేపు మండీ సేటు ఇచ్చిన గోడ క్యాలెండరులో చూసుకునేవాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఆ పొద్దు ఇద్దరూ బండ దగ్గర ఉండేవాళ్ళు, అంతే. మూడో సారికో నాలుగో సారికో సామీ పోయి అన్నా అయింది. ఏం మాట్లాడుకునేవాళ్ళు? గొప్ప మాటలేవీ గుర్తుకు రావు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు యేసేపు బండను తట్టి, "పాపం ఈ బండ, బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాకు పోయిందన్నా, మనం చూడు, యాడికీ కదల్లేదు" అన్నాడు. ఇంకోసారి, "నేను గింజ తీస్తా, నువ్వు నేస్తావు, నడుమ ఎవడో నూలు తీస్తాడు. ఆ నడుమోడు ఎట్లుంటాడో ఒకసారి చూడాల" అన్నాడు. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు నూలు చిలప విప్పినప్పుడల్లా ఉచ్చీరప్ప చూసుకునేవాడు, ఈ పోగు యేసేపు చేతిమీదుగా పోయిందా అని. ఆ పోగుతో నేసిన బట్టే కదా గుళ్ళో దేవుడికి కట్టింది. దేవుడు కట్టుకున్నాడు. మరి తనకేమైంది?

విసురురాయి ఆగింది. లోపల చాట చప్పుడు. ఆమె జల్లిస్తోంది కాబోలు. యేసేపు కొండకు తెచ్చిన ఆ రొట్టెలు కూడా ఇట్లాగే విసిరి, జల్లించి చేసి ఉంటుంది. అది మూడో ఆదివారం, మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు. యేసేపు చంకలో ఒక గుడ్డమూట. కూర్చోగానే విప్పాడు. జొన్నరొట్టెలు, పల్చగా, అంచులు విరగకుండా, నాలుగు. వెర్రినువ్వులు దంచిన గురెళ్ళ కారం, ఒక ఉల్లిగడ్డ. "మా దానమ్మ నీ కోసమని కాల్చిందన్నా. నాకు వేరే ఉండాయి, ఇవి నీవే" అన్నాడు. అప్పుడు తన నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎవరో లోపల ఎప్పటినుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టు, తడుముకోకుండా వచ్చింది. "అయ్యో యేసేపూ, అమావాస్యకు నాకు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా ఏమీ ముట్టను." యేసేపు మూట మళ్ళీ కట్టాడు. తన రొట్టెలు కూడా తీయలేదు. తినప్పా అంటే, "నువ్వు వట్టి కడుపుతో కూచుంటే నేను నమిలేదెట్లన్నా" అన్నాడు. సాయంత్రం దాకా ఆ మూట ఇద్దరి నడుమ అట్లాగే ఉంది. గురెళ్ళ కారం వాసన వస్తూనే ఉంది. ఉచ్చీరప్ప పొద్దున ఇంట్లో నేతితో రెండు పూర్ణం ఓళిగలు తిని బయలుదేరాడు.

తింటే ఏమయ్యేది? నీలమ్మ చూడబోయిందా, కులపెద్దలు కొండ ఎక్కబోయారా? ఎవరూ అడగని లెక్క తను ఎవరికి చెప్పుకున్నాడు? అసహ్యం కాదు, దేవుడి తోడు, అసహ్యం కాదు. భయమని కూడా అనలేడు. చిన్నప్పటి నుంచి ఒక గడప దగ్గర కాలు ఆగడం అలవాటు, కాలు ఆగింది, అంతే. లోకం కోసం విషం మింగి గొంతులో నిలుపుకున్న దేవుడికి రోజూ దీపం పెడతాడు, ఒక జొన్నరొట్టె తన గొంతు దిగలేదు. గుళ్ళో నిలబడి ఈ మాట దేవుడినే అడిగాడు ఒకసారి. తర్వాతి సారైనా నిజంగా ఉపవాసం ఉందామని, అబద్ధాన్ని ముందు ముందు నిజం చేసుకుందామని అనుకున్నాడు. అమావాస్య తెల్లవారేది, మగ్గం పూజ అయ్యేది, నీలమ్మ పెనం మీద ఓళిగ తిప్పేది, ఆ వాసనకు మనసు మెత్తబడేది. ఒక్కటే తింటాలే అనుకునేవాడు. ఒక్కటీ మూడయ్యేది. తర్వాత బస్సెక్కి పోయి, పస్తున్న మనిషి పక్కన పస్తున్న మనిషిలా కూర్చునేవాడు. ఏడేళ్ళలో పన్నెండు ఆదివారాలు. యేసేపు మళ్ళీ మూట తేలేదు. మధ్యాహ్నం దాటాక ఆయన కడుపు అరిచేది. ఆ చప్పుడు వినబడకుండా ఉచ్చీరప్ప గొంతు పెంచి గార్డు పెట్టె వాదన ఎత్తుకునేవాడు. నాలుగో ఏటనో ఐదో ఏటనో, మాటల మధ్యలో యేసేపు తన తువ్వాలు కొసతో ఉచ్చీరప్ప మీసం తుడిచాడు. "ఏందో అంటుకున్నాదన్నా." తువ్వాలు మీద పసుపుపచ్చగా పూర్ణం. ఆయన దాన్ని చూశాడు. చూసి, "అదో, మెయిలు వచ్చె" అన్నాడు. మెయిలు బండి నిజంగానే వచ్చింది. కానీ మెయిలు రోజూ వచ్చేదే కదా, దాన్ని చూపించాల్సిన పనేముంది? తన పరువు కాపాడడానికి చూపించాడా? లేక ఏమీ అర్థం కాక చూపించాడా? అనుమానం అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది.

పోయినసారి మెట్లు ఎక్కుతూ యేసేపు మూడుచోట్ల ఆగాడు. దగ్గు. దూది దగ్గు, మిల్లులో అందరికీ ఉండేదే అన్నాడు. ఆ తర్వాత ఐదు నెలలకు మళ్ళీ ఆదివారం అమావాస్య పడింది. ఉచ్చీరప్ప వచ్చి కూర్చున్నాడు. మొదటి గూడ్సు పోయింది, రెండో గూడ్సు పోయింది, మెయిలు పోయింది. ఎండ బండ మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది. యేసేపు రాలేదు. అప్పుడు తన మనసుకు తోచిందేమిటి? ఒంట్లో బాగాలేదేమో అని తోచలేదు. తెలిసిపోయింది, తెలిసి అసహ్యించుకుని మానేశాడు అని తోచింది. పైగా కోపం వచ్చింది. ఇంత దూరం వస్తే ఒక మాటైనా చెప్పకూడదా అని. చర్చి ఎక్కడో తెలుసు, సందు ఎక్కడో యేసేపు పదిసార్లు చెప్పాడు, కొండ దిగితే అరమైలు కూడా లేదు. పోలేదు. పోతే లోపలికి రమ్మంటారు, కూర్చోమంటారు, ఏదో ఒకటి పెడతారు. అందుకని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. నాలుగు నెలలు ఆ కోపాన్ని దాచుకున్నాడు, అది కోపం కాదని తెలిసీ. మొన్న సంతలో ఆదోని బండి తోలే తిమ్మన్న కనబడితే, ఉండబట్టలేక, మీ ఊరి మిల్లులో యేసేపని ఒకడు ఉండాలే, ఎట్లుండాడు అని అడిగాడు. తిమ్మన్న ఎద్దుకు గడ్డి వేస్తూ, తల తిప్పకుండానే, "యేసేపా? పోయి మూడు నెలలాయ కదప్పా" అన్నాడు. సంత అంతా అట్లాగే ఉంది. గాజులమ్మేవాడు అరుస్తూనే ఉన్నాడు.

దానమ్మ బయటికి వచ్చింది. చూరు కింద మూడు రాళ్ళ పొయ్యిలో పత్తికట్టె పెట్టి ఊదింది. కట్టె తడిగా ఉన్నట్టుంది, పొగ తిరిగి బండ వైపే వచ్చింది. "ఈడ కండ్లు మండుతాయి, లోపల కూచో అన్నా" అని, ఆ మాట అన్నాక తనే వెనక్కు తీసుకోవాలనుకున్నట్టు ఆగింది. ఉచ్చీరప్ప లేచాడు. గుమ్మం పొట్టిది, తల బాగా వంచాల్సి వచ్చింది. పరుపు లేని మంచం. మేకుకు నీలం చొక్కా. భుజాల దగ్గర ఇంకా దూది. గోడకు మండీ సేటు క్యాలెండరు, ఆదివారాలు ఎర్రగా, అమావాస్యలు నల్లచుక్కలుగా. చుక్కల చుట్టూ బొగ్గుతో సున్నాలు. మనం కలిసే రోజులకు గుర్తు పెట్టుకున్నాడు అనుకుని దగ్గరికి పోయి చూశాడు. ఎర్ర వరసలో సున్నాలు రెండే ఉన్నాయి. తక్కినవి మంగళవారం, శుక్రవారం, బుధవారం. ఒక్క నల్లచుక్క కూడా వదలలేదు, ఆయన పోయిన నెల దాకా.

"ఈ సున్నాలు ఏందమ్మా?"

"ఆయన పెట్టినవే. అమావాస్యలు." బయట రొట్టె తట్టే చప్పుడు మొదలైంది.

"ఆదివారం వచ్చినవి కదా మాకు కావలసింది."

"ఆదివారమైతే నీ కాడ ఉంటాడు. తక్కినవి మిల్లులో. అన్నిటికీ ఒక్కపొద్దే. ఆడ మా అన్న వట్టి కడుపుతో ఉంటాడు, ఈడ నాకెట్ల దిగుతాదే అనేవాడు. మా చర్చి అయ్యగారు కూడా కోప్పడినాడు, మన పుస్తకంలో అమావాస్య యాడుందిరా అని. ఇంటేనా?"

ఉచ్చీరప్ప మంచం కోడు పట్టుకున్నాడు. తట్టే చప్పుడు సాగుతూనే ఉంది, చేయి మారుతోంది, రొట్టె తిరుగుతోంది, ఆమె ఎప్పటి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుంటూ పోతోంది. "నాకు మొదట్లో నమ్మిక లేదన్నా. తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు రొట్టెలు మూట విప్పకుండా తిరిగొచ్చె. మన ఇంటివి తినలేక ఆ మాట చెప్పింటాడులే అంటి. ఆయనకు వచ్చె సూడు కోపం. రెండు దినాలు నాతో మాట్లాడలా. అబద్ధం చెప్పే మనిషైతే బస్సెక్కి ఇంత దూరం నా కోసం యాల వస్తాడే అనె."

అయితే తెలియదు. ఇన్నేళ్ళ అనుమానం తీరిపోయింది. తెలిసి ఉంటే ఎంత బాగుండేది. తెలిసి, లోపల తిట్టుకుని, పోనీలే అని ఓర్చుకుని ఉంటే ఇద్దరికీ సరిపోయేది. నమ్మాడు. పూర్ణం తుడిచి కూడా నమ్మాడు. ఆ దుమ్ములో, ఆ దగ్గుతో, అమావాస్య అమావాస్యకూ. ఉచ్చీరప్ప గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. పైకప్పు తలకు తగులుతోంది.

"నువ్వు అన్నదే నిజమమ్మా" అన్నాడు. "ఒక్కపొద్దూ లేదు, ఏమీ లేదు. ఇంట్లో తినే వస్తాంటి."

చప్పుడు ఆగింది. ఆమె తల ఎత్తలేదు. పెనం మీది రొట్టెకు తడిచేత్తో నీళ్ళు రాసి, తిప్పి, కట్టె లోపలికి తోసింది. అప్పుడు అడిగింది. "ఈ పొద్దు తింటివా?"

"లేదు."

ఆమె ముక్కు చీరకొంగుతో తుడుచుకుంది, పొగకో, దేనికో. "నాది కూడా ఒకటుందన్నా. ఆ ఆదివారం ఆయన మంచంలో ఉండె. అన్న కాసుకోనుంటాడు, పోయి చెప్పే అని నన్ను పంపె. మెట్ల కాడికి వచ్చినా. పైన బండ మీద ఎవరో ఉండారు. నువ్వో కాదో. పరాయి మగమనిషిని ఏమని పిలిచేది? తిరిగొచ్చి, చెప్పినా అంటి. ఏమనె అన్న అని అడిగె. తొందరగా బాగుపడమనె అంటి. ఆ మాటకు సంతోషపడినాడు."

రొట్టె పొంగి, ఒక చోట పగిలి, ఆవిరి వదిలింది. ఆమె లేచి, "ఆకు కోసుకొస్తా ఉండు" అంది. ఉచ్చీరప్ప తల అడ్డంగా ఊపాడు. "యేసేపు పళ్ళెం లేదా?" ఉంది. సత్తు పళ్ళెం, ఒక అంచు సొట్ట. రొట్టె, గురెళ్ళ కారం, చేత్తో చితక్కొట్టిన ఉల్లిగడ్డ. ఉచ్చీరప్ప ఆ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. శివా అనుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. గొంతు కాసేపు మొండికేసింది. నమిలాడు. దిగింది. రెండో రొట్టె మధ్యలో స్టేషను వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు వినిపించింది. ఇక్కడి నుంచి కనబడదు, పట్టాల అతుకుల మీద ఒక్కొక్క పెట్టే కొట్టుకుంటూ పోవడం మాత్రం తెలుస్తోంది. లెక్కపెట్టకూడదనుకున్నాడు, లెక్కపెట్టాడు. చివరిది పోయాక, అది గార్డు పెట్టే అయి ఉంటుందని, ఒకటి తగ్గించుకున్నాడు.

"ఇంకొకటి కాల్చనా అన్నా?" నాలుగోది వడ్డిస్తూ అడిగింది దానమ్మ.

"ఆ పొద్దు ఎన్ని పంపినావమ్మా?"

"నాలుగు."

"అయితే నాలుగే" అన్నాడు. కారం అంటిన చివరి ముక్కతో పళ్ళెం తుడిచి తిన్నాడు. ఆమె చెయ్యి చాచినా ఇవ్వకుండా, బయట బండ దగ్గర పళ్ళెం తనే కడిగి, లోపలికి వచ్చి, నీలం చొక్కా కింద గోడకు ఆనించి పెట్టాడు.